శ్రుతి, ఒగ్గు, ఊరి రేడియో
(కార్తిక మాసంలో మంథనిలో చేసిన ప్రసంగ పాఠం)



స్థానిక కళలను గురించి, వాటిని వినిపించే సామాజిక రేడియోను గురించి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు ఆజ్ఞాపించారు. జీవితమంతా వ్యాకరణ పాఠాలు చెప్పుకొన్నవానికి రేడియోతో పనియేమని మీలో కొందరికి సందేహం కలుగవచ్చు. మంత్రపురి అని పేరుపొందిన ఈ ఊరికి మాత్రం ఆ విషయం పరాయిది కాదు. వేదానికి శ్రుతి అని పేరు గదా! గురువు పలికినది విని శిష్యుడు తిరిగి పలికినందుననే ఈ గోదావరీతీరంలో వేదం తరతరాలు నిలిచింది. శిక్షాగ్రంథాలు అధమపాఠకుల లెక్క ఒకటి చెప్పినవి. రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పెగలనివాడు. వీరి వరుసలోనే వ్రాతప్రతి చూసి చదివేవానిని కూడ చేర్చినవి. చెవికి అంతటి పెద్దపీట!

ఆ చెవి చదువు అగ్రహారంతోనే ఆగలేదు. మన కరీంనగరం పల్లెలలో కురుమలు చెప్పే ఒగ్గుకథను తీసికొనండి. ఒగ్గు అనగా శివుని డమరుకం. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ రాత్రంతా సాగుతాయి. డోలు మ్రోగుతుంది, తాళాలు కలుస్తాయి, ప్రధాన కథకుని మాటను వంతవాడు అందుకొంటాడు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు గారి పేరు ఎరుగని పెద్దవారు ఈ ప్రాంతంలో అరుదు. చిరుతల రామాయణం ఆడే పల్లె యువకులు కూడ గురువు ఎదుట నిలబడి, విని, అడుగు కలిపి నేర్చుకొంటారు. గోదావరి దాటి ఆదిలాబాదు అడవులలోనికి పోతే, గోండుల వంశగాథలను ప్రధానులు కిక్రీ అనే తంత్రీవాద్యం మీద పాడతారు. వారి తాళపత్రాలు వారి గొంతులే.

ఇక రేడియో. ఆకాశవాణి చేసిన సేవ చిన్నది కాదు. అయితే పెద్ద కేంద్రంలో ప్రతి పల్లె గొంతుకూ చోటు దొరకదు. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తియని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ న్యాయమూర్తులలో బి.పి. జీవన్‌రెడ్డి గారు మన తెలుగువారు. సేవాసంస్థలు కూడ చిన్న రేడియో కేంద్రాలు నడుపుకొనవచ్చునని 2006లో కేంద్ర ప్రభుత్వం అనుమతించింది. 2008 అక్టోబరు 15న, నాటి మెదక్ జిల్లా జహీరాబాదు ప్రాంతంలోని మాచ్‌నూరులో సంఘం రేడియో మొదలయినది. దళిత స్త్రీలు, సేద్యం చేసుకొనే స్త్రీలు నడిపే కేంద్రమది. దానిని ప్రారంభించినవారు ఆ 1995 తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో మరొకరైన పి.బి. సావంత్ గారే! తీర్పు వ్రాసిన చేతికి పదమూడేండ్ల తరువాత దాని ఫలం అందడం అందరికీ లభించే భాగ్యం కాదు.

ఇటువంటి కేంద్రాలకు ప్రభుత్వం పెట్టిన నియమాలలో ఒకటి నాకు మిక్కిలి నచ్చింది. ప్రసారాలలో కనీసం సగం ఆ ప్రాంతపు ప్రజల పాలుపంపులతోనే తయారు కావాలి. వీలయినంతవరకు అక్కడి భాషలో, అక్కడి యాసలో ఉండాలి. మన దేవాలయాల మైకులలో నేడు ఏ ఊరికి పోయినా ఒకే గొంతు వినబడుతున్నది. ఆ గొంతు గొప్పదే, కాదనను. కాని ఆ ఊరి భజనబృందం ఎక్కడికి పోయినట్లు?

ఇక్కడ కొందరు పండితమిత్రులతో నాకు పేచీ ఉన్నది. జానపదుల కథలు పురాణంతో సరిపోవు గనుక సరిదిద్ది ప్రసారం చేయాలని వారి అభిప్రాయం. నేను అంగీకరించను. వేదంలో ఒక్క స్వరం మారినా ప్రమాదమే. త్వష్ట చేసిన హోమంలో ఇంద్రశత్రు శబ్దానికి స్వరం తప్పినందున ఇంద్రుని చంపవలసిన వృత్రుడు ఇంద్రుని చేతనే చచ్చాడు. అది మంత్రధర్మం. కథాధర్మం వేరు. ఎదుట కూర్చున్నవారిని చూసి కథకుడు ఒకచోట పెంచుతాడు, ఒకచోట తగ్గిస్తాడు, మధ్యలో ఊరి ముచ్చట ఒకటి దూరుస్తాడు. ఆ స్వేచ్ఛను పురాణపు కొలతతో కత్తిరిస్తే మిగిలేది పురాణమూ కాదు, ఒగ్గూ కాదు. కథకుని భాషను పుస్తకభాషగా మార్చమనడం కూడ ఇటువంటిదే.

ఇందుకు ఎదురుగా, రేడియో పెట్టి వేదం నేర్పుదామనే ఉత్సాహవంతులూ ఉన్నారు. రేడియో వినిపిస్తుంది గాని వినదు. శిష్యుని అనుదాత్తం జారితే సరిదిద్దే గురువు ఆ పెట్టెలో లేడు. పారాయణం వినిపించండి, భక్తితో వింటాము. అధ్యయనానికి మాత్రం గురువు ఎదుట కూర్చోవలసినదే.

ఒగ్గుకథకు కూడ ఎదుట మనుషులు కావాలి. ఊ కొట్టేవాడు లేని గదిలో కథకుని కూర్చోబెట్టి, పావుగంటలో మల్లన్న పెండ్లి ముగించుమనడం న్యాయం కాదు. మాచ్‌నూరు స్త్రీలు ఊళ్ళలోనికి పోయి, పాడేవారి నడుమనే పాట రికార్డు చేసికొంటారు. మనమూ ఆ పద్ధతినే పట్టాలి. రాత్రంతా కథ చెప్పించి, దానిని రోజుకు కొంత చొప్పున ప్రసారం చేయవచ్చు. దాతలకు నా మనవి ఒక్కటే: బృందాన్ని పిలిచినప్పుడు ప్రధాన కథకునికి శాలువ కప్పి ఊరుకోవద్దు. డోలు కొట్టినవానికీ తాళం వేసినవానికీ కూడ సంభావన చేతిలో పెట్టి పంపండి. వేదసభలో ఘనపాఠికి ఒక లెక్క, క్రమపాఠికి ఒక లెక్క ఉండవచ్చు గాని వట్టి చేతులతో ఎవరినీ పంపము గదా.

మనకు రేడియో కేంద్రం ఎప్పుడు వస్తుందో, ఎవరు నడుపుతారో ఆ పైవానికి తెలియాలి. అందాక ఆగవలసిన పని లేదు. కార్తికదీపాల వేళ పాడే మంగళహారతులు, బతుకమ్మ పాటలు తెలిసిన వృద్ధస్త్రీలు మీ ఇండ్లలోనే ఉన్నారు. వారికి వచ్చిన పాటలలో అచ్చుకెక్కనివి ఎన్నో. మీ చేతిలోని సెల్‌ఫోను చాలు. ముందుగా పాడేవారి పేరు, ఊరు, ఎవరి దగ్గర విని నేర్చినదీ వారి నోటనే చెప్పించండి. తరువాత పాట అందుకోమనండి. మధ్యలో దగ్గు వచ్చినా, మనుమడు ఏడ్చినా ఆపవద్దు.