కౌలుకి దిగినోడు 'నాది' అంటే?

(పేటలో జరిగిన కూలీల, కౌలుదారుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటినించీ చేలో వొంగి వచ్చి కూచున్నారు. ఎక్కువసేపు కూచోబెట్టం. ఒక్క మాట గురించే మాట్లాడతాం. ఆ మాట 'నాది'.

గోదావరి డెల్టాలో ఈ మాట చాలా ఖరీదైంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవలు పారాయి. ఆ నీళ్లల్లో దిగి ఊడ్చిన చేతులు మనవి. విలువ పెరిగిన భూమి మాత్రం ఎవరి పేరున ఉందో మీకు చెప్పక్కర్లేదు. జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దని 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. పేరునే ఓర్వలేనోళ్లు మన ఎకరాన్ని ఓరుస్తారా?

మన ఊళ్లల్లో ఇద్దరు కౌలుదారులున్నారు. ఇద్దరూ 'నాది' అంటున్నారు. ఇద్దరి సంగతీ ఒకటి కాదు.

మొదటివాడు మనవాడు. భూస్వామి చేను పదేళ్లు, ఇరవయ్యేళ్లు చేశాడు. గట్లు వేశాడు, చౌడు విరిచాడు. ఖాళీ చెయ్యమన్నారు. కడుపు మండి, 'ఇంతకాలం చేశాను, ఈ భూమి నాదే' అని కోర్టులో జవాబు వేయించాడు. న్యాయంగా అతని మాట తప్పని మేము అనం. దున్నేవాడిదే భూమి అన్నది మన నినాదం. కానీ ఆ నినాదాన్ని సభలో చెప్పాల, అసెంబ్లీ ముందు చెప్పాల. కోర్టు జవాబులో రాస్తే అది మన మెడకే చుట్టుకుంటుంది.

ఎందుకంటే, 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 116వ సెక్షన్లో ఒక సూత్రం పెట్టారు. 2024 జూలై 1 నించి కొత్త సాక్ష్య చట్టం వచ్చింది, అందులో ఇది 122వ సెక్షను. నంబరు మారింది, సూత్రం ఇంకా బిగిసింది. ఎవరి దగ్గర కౌలుకి తీసుకుని భూమిలో దిగావో, దిగిన రోజున ఆ భూమి అతనిది కాదని కౌలు నడుస్తుండగానే కాదు, ఆ తర్వాత కూడా అనకూడదు. ఇదీ సూత్రం. 1956 నాటి కౌలుదారీ చట్టంలో ఏముండేదో చూడండి. స్పెషల్ ఆఫీసరు ఉత్తర్వు లేకుండా కౌలుదారుణ్ణి లేవగొట్టకూడదని ఒక చేత్తో కాపాడింది. భూమి యజమానిది కాదని కావాలని అన్నవాణ్ణి లేవగొట్టొచ్చని రెండో చేత్తో రాసింది. అంటే, కౌలుదారుగా ఉన్న రక్షణని 'నాది' అన్న ఒక్క మాటతో మనమే పోగొట్టుకున్నట్టు.

'పన్నెండేళ్లు దాటింది, నాదైపోయింది' అన్న మాట పేటల్లో తిరుగుతోంది. కౌలుకి చేసిన పన్నెండేళ్లూ కౌలే. ముప్పయ్యేళ్లయినా కౌలే. కాగితం లేకుండా ఆ మాట అనొద్దు. 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టాన్ని కూడా నమ్ముకుని కూచోవద్దు. అందులో ఒప్పందం పదకొండు నెలలు. యజమాని సంతకం లేందే కార్డు రాదు. అది పంటకే గానీ భూమి మీద హక్కు కాదు.

ఇక రెండో కౌలుదారు. ఈయన మోతుబరి. కౌలుకి తీసుకుంది మన డి పట్టా భూమి. ఇంట్లో జబ్బు చేసిందనో, పిల్ల పెళ్లనో మనవాడు మూడేళ్లకి ఎకరం ఇచ్చాడు. ఆయన గట్లు తవ్వి పక్క చేలల్లో కలిపి చేపల చెరువు చేశాడు. మూడేళ్లయ్యాక అడిగితే, 'మీ అయ్య అమ్మేశాడు, భూమి నాది' అంటాడు. తెల్లకాగితం మీద వేలిముద్ర చూపిస్తాడు. 'ఇన్నాళ్లూ సాగు చేసింది నేను గదా' అని మన నినాదాన్నే మనకి అప్పజెపుతాడు! పేదోడు 'నాది' అంటే దురాక్రమణ. మోతుబరి అంటే స్వాధీనం. ఇదీ ఊరి న్యాయం.

అయ్యా, దిగిన కౌలుదారు కాదనకూడదన్న సూత్రం మనకేనా? ఆయనకి లేదా? ఉంది. దానికి మించింది కూడా ఉంది. 1977లో అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. భూమిలేని పేదలకి అమ్మకూడదన్న షరతుతో ఇచ్చిన భూమిని అమ్మినా, తాకట్టు పెట్టినా, చివరికి కౌలుకిచ్చినా చెల్లదంది. కొన్నవాడికి గానీ పట్టినవాడికి గానీ హక్కు రాదంది. తాసీల్దారు నోటీసిచ్చి, ఆయన్ని లేపి, పట్టాదారుకి గానీ వారసులకి గానీ తిరిగి అప్పగించాలంది.

ఇక్కడే మనవాళ్లు భయపడుతున్నారు. 'కౌలుకిచ్చింది నువ్వే, చెప్పావంటే నీ పట్టా పోద్ది' అని మోతుబరి బెదిరిస్తాడు. మొదటిసారి భూమి మన చేతికి రావటానికే చట్టం దారి పెట్టింది. తిరిగొచ్చాక మళ్లీ ఇచ్చేస్తే మాత్రం సర్కారు తీసేసుకుని వేరే పేదలకి ఇవ్వొచ్చు. అందుకని ఒకసారి వచ్చిన భూమిని ఏ అవసరానికీ వదలొద్దు.

2023లో ఇంకో సవరణ చేశారు. 20 ఏళ్లు నిండిన సాగు పట్టాని అసలు పట్టాదారు, అతను లేకపోతే వారసులు అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపారు. ఈ కబురు వినగానే పాత తెల్లకాగితాలకి రెక్కలొచ్చాయి. ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ సవరణ హక్కిచ్చింది పట్టాదారుకి, చెరువు తవ్వినోడికి కాదు.

1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కూడా ఉంది. దళితుల భూమిని, దళితులకి కేటాయించిన భూమిని దళితేతరులు అక్రమంగా ఆక్రమించి సాగు చెయ్యటం అందులో నేరం. దాన్ని వాడాల.

మరి ఏం చెయ్యాల? పేటలో ఎన్ని డి పట్టాలున్నాయో, ఏది ఎవరి స్వాధీనంలో ఉందో ఇంటింటికీ తిరిగి రాయండి. పట్టా కనపడకపోతే తాసీల్దారు ఆఫీసులో నకలు అడగండి. అడంగల్లో సాగుదారు కాలంలో ఎవరి పేరుందో చూడండి. వారసుల పేర్లలో ఆడపిల్లల్ని వదిలెయ్యొద్దు. తెల్లకాగితం మీద ఎవరికీ వేలిముద్ర వెయ్యొద్దు. మీరే కౌలుదారులైతే, కట్టిన ప్రతి బస్తాకీ చీటీ అడగండి. కోర్టు నోటీసొస్తే జవాబు వేసేముందు నలుగురికీ చూపించండి. మోసంతో, బెదిరింపుతో మీ చేత కడపా రాయించుకునుంటే ఆ సంగతి మొదటి జవాబులోనే చెప్పాల.

అర్జీ ఒక్కడే పట్టుకెళ్లొద్దు. ఒక్కడు వెళితే సాయంత్రానికి మోతుబరి ఇంటి అరుగు మీద రాజీ అవుద్ది. పేటంతా కలిసి వెళ్లండి, రశీదు తీసుకోండి. ఆ రోజు మేమూ మీ వెంట వస్తాం.

జై భీమ్!