కొత్త టైర్లు వేయించాక స్టీరింగ్ వణుకుతోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఈ ఎపిసోడ్‌లో చాలామందికి డబ్బులు, టైము రెండూ వేస్ట్ చేస్తున్న ఒక ప్రాబ్లం గురించి మాట్లాడుకుందాం. కారుకి కొత్త టైర్లు వేయించారు. నెల్లూరు టౌన్‌లో తిరిగినంతసేపు బండి బ్రహ్మాండంగా ఉంది. హైవే ఎక్కి, కావలి వైపో గూడూరు వైపో వెళ్తూ 80 దాటించగానే స్టీరింగ్ చేతిలో వణుకుతోంది. 110కి వస్తే మళ్లీ కాస్త తగ్గుతోంది. షాపుకి తిరిగి వెళ్తే ఆయన మళ్లీ బ్యాలెన్సింగ్ చేసి, "చూడబ్బయా, మిషన్‌లో జీరో వచ్చింది. టైరు బాగానే ఉంది. నీ బండిలోనే ఏదో ఉంది" అంటాడు. అక్కడి నుంచి సస్పెన్షన్ అని ఒకరు, స్టీరింగ్ రాక్ అని ఇంకొకరు చెప్తారు. వేలకు వేలు పోతాయి, వణుకు మాత్రం పోదు.

ఈ వీడియోలో ఒక్క మాట గుర్తుపెట్టుకున్నా చాలు. బ్యాలెన్సింగ్ మిషన్ చూసేది బరువు. టైరు గుండ్రంగా ఉందా లేదా అనేది అది చూడదు. కాబట్టి జీరో వచ్చినంత మాత్రాన టైరు మంచిదని కాదు.

ముందు ఈ వణుకు ఎలా వస్తుందో చూద్దాం. మామూలు చిన్న కారు టైరు చుట్టుకొలత దాదాపు 1.9 మీటర్లు. 90 కి.మీ. స్పీడులో అది సెకనుకి 13 సార్లు తిరుగుతుంది. రిమ్ అంచున ఒక్క వైపు 30 గ్రాముల బరువు ఎక్కువ ఉందనుకోండి. 15 అంగుళాల రిమ్ అయితే, ఆ స్పీడులో అది దాదాపు 4 కిలోల బలంతో చక్రాన్ని లాగుతుంది. అది కూడా సెకనుకి 13 సార్లు. అదే 45లో వెళ్తే ఆ బలం 1 కిలోనే. స్పీడు సగమైతే బలం నాలుగో వంతు అవుతుందన్నమాట. అందుకే ఊళ్లో తెలియని వణుకు హైవే మీద బయటపడుతుంది.

ఇప్పుడు టెస్టింగ్‌కి వద్దాం. వణుకు ఎప్పుడు వస్తోంది, ఎక్కడ తెలుస్తోంది? ఈ రెండూ గమనిస్తే సగం పని అయిపోయినట్టే. బ్రేక్ తొక్కినప్పుడు మాత్రమే వస్తే అనుమానం బ్రేక్ డిస్కుల మీద, టైర్ల మీద కాదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు వచ్చి, కాలు తీయగానే పోతే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు చూపించాలి. బండి ఒక పక్కకి లాగుతోందంటే అలైన్‌మెంట్ చూపించుకోండి. కానీ వణుకు పోవడానికని అలైన్‌మెంట్ చేయించడం మాత్రం కాలు నొప్పికి కళ్లద్దాలు కొన్నట్టే. బ్రేక్‌తో, యాక్సిలరేటర్‌తో సంబంధం లేకుండా ఒక స్పీడు దగ్గర వణుకు వస్తోందంటే అది చక్రాల్లోంచే. స్టీరింగ్‌లో ఎక్కువ తెలిస్తే ముందు చక్రాలు, సీటులో, ఫ్లోర్‌లో తెలిస్తే చాలావరకు వెనక చక్రాలు.

ఈ టెస్ట్ ఒక్కరే చేయకండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి. ఏ స్పీడులో మొదలైందో వాళ్లు ఫోన్‌లో నోట్ చేయాలి, స్టీరింగ్‌ని వీడియో తీయాలి. డ్రైవ్ చేసేవాళ్లు ఫోన్ ముట్టుకోకూడదు. ఆ వీడియో తర్వాత క్లెయిమ్‌కి పనికొస్తుంది.

టైరుని తిట్టే ముందు మన ఏరియాకి సంబంధించిన రెండు విషయాలు చెక్ చేయండి. ఒకటి, బురద. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గరికి కారు తీసుకెళ్లేవాళ్లకి ఇది బాగా తెలియాలి. గట్ల మీది బురద రిమ్ లోపలి వైపు అతుక్కుని, ఎండి గట్టిపడుతుంది. బయట నుంచి కనపడదు. ఇందాక చెప్పుకున్న 30 గ్రాములు అక్కడే ఉండొచ్చు. ప్రెషర్ వాటర్‌తో రిమ్ లోపల కూడా కడిగించి, తర్వాత నడిపి చూడండి. రెండోది, తుప్పు. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం, ఇలా సముద్రం పక్కన తిరిగే బండ్లకి ఉప్పుగాలి వల్ల హబ్ మీద తుప్పు త్వరగా పడుతుంది. రిమ్ వెళ్లి ఆనుకునే చోట ఆ తుప్పు పొర ఉంటే చక్రం నిటారుగా కూర్చోదు, కొంచెం వంకరగా తిరుగుతుంది. వైర్ బ్రష్‌తో శుభ్రం చేయించి, నట్లు ఎదురెదురుగా బిగించమనండి. వరసగా ఒక పక్క నుంచి బిగించుకుంటూ పోకూడదు.

బయట కొన్న అల్లాయ్ వీల్స్ అయితే ఇంకోటి చూడండి. రిమ్ మధ్య రంధ్రం హబ్ కంటే పెద్దగా ఉంటే, దాన్ని సెంటర్లో కూర్చోబెట్టే రింగ్ ఉండాలి. అది లేకపోయినా వణుకు రావచ్చు.

ఇవన్నీ బాగున్నాయా? అయితే టైరు దగ్గరికి వద్దాం. కొత్త టైరులో మూడు రకాల తేడాలు ఉండొచ్చు.

మొదటిది, రిమ్ మీద సరిగ్గా కూర్చోకపోవడం. టైరు పక్క గోడ మీద రిమ్‌కి దగ్గరగా సన్నటి గీత ఒకటి గుండ్రంగా ఉంటుంది. ఆ గీతకి, రిమ్ అంచుకి మధ్య దూరం చుట్టూ ఒకేలా ఉండాలి. ఒక చోట లోపలికి పోయినట్టుంటే టైరు సరిగ్గా ఎక్కలేదని అర్థం. గాలి తీసి, పేస్టు రాసి మళ్లీ ఎక్కించమనండి. ఇది టైరు తప్పు కాదు, ఫిట్టింగ్ తప్పు.

రెండోది, టైరు గుండ్రంగా లేకపోవడం. దీన్ని ఇంటి దగ్గరే చూడొచ్చు. గట్టి నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి రెండు పక్కలా రాళ్లు పెట్టి, ముందు చక్రాన్ని జాకీతో లేపండి. కారు కిందకి మాత్రం దూరొద్దు. గేర్ న్యూట్రల్‌లో పెట్టండి. ఒక ఇటుక మీద స్క్రూడ్రైవర్ పెట్టి, దాని మొన టైరుకి దాదాపు ఆనేలా ఉంచి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. ఆ సందు ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ అవుతోందా? ఆ తేడా ఒకటిన్నర మి.మీ. దాటితే షాపు వాళ్లకి చూపించాల్సిందే. అలాగే పక్క గోడ దగ్గర కూడా పెట్టి చూడండి. రిమ్ అంచు దగ్గర కూడా ఒకసారి చూడండి. రిమ్మే ఊగుతుంటే అది గుంతలో పడి వంగిన రిమ్, టైరుది తప్పు కాదు.

మూడోది కంటికి కనపడదు. టైరు గుండ్రంగానే ఉంటుంది, కానీ ఒక చోట గట్టిగా, ఒక చోట మెత్తగా ఉంటుంది. గాల్లో తిప్పితే ఏమీ తెలియదు. కారు బరువు పడ్డాకే తేడా వస్తుంది. దీన్ని పట్టుకోవడానికి టైరుని ఒక రోలర్‌తో నొక్కుతూ తిప్పే మిషన్ ఉంటుంది, రోడ్ ఫోర్స్ బ్యాలెన్సర్ అంటారు. అన్ని షాపుల్లో ఉండదు, అడిగి వెళ్లండి. కొన్ని టైర్ల మీద ఎర్ర చుక్క ఉంటుంది. చాలా కంపెనీలు ఆ గట్టి చోటుకే ఆ గుర్తు పెడతాయి. పసుపు చుక్క బరువు తక్కువున్న చోటు, దాన్ని వాల్వ్ దగ్గరకి తెచ్చి ఎక్కిస్తారు.

మరి మిషన్ లేకపోతే ఎలా? ఇక్కడే మన అసలు టెస్ట్. ముందు రెండు చక్రాలని వెనక్కి, వెనకవి ముందుకి మార్చండి. కుడివి కుడి వైపే, ఎడమవి ఎడమ వైపే ఉండాలి. నాలుగూ ఒకే సైజు అయితేనే ఇలా చేయండి. గాలి కూడా డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసినంత పట్టించండి. మళ్లీ అదే రోడ్డు, అదే స్పీడు. స్టీరింగ్ వణుకు పోయి సీటులోకి వచ్చిందా? అయితే తేడా ఆ చక్రాలతో పాటే వెనక్కి వెళ్లింది. సస్పెన్షన్‌ది కాదు, స్టీరింగ్ రాక్‌ది కాదు. తర్వాత వాటిని ఒక్కొక్కటిగా మార్చి చూస్తే ఏ చక్రమో తెలుస్తుంది. ఆ టైరుని వేరే మంచి రిమ్‌కి ఎక్కించినా వణుకు వస్తే, ఇక అనుమానం లేదు, టైరే. తప్పు టైరుతో పాటు నడుస్తుంది, అదే మీ సాక్ష్యం.

ఇంకో చిన్న మాట. పొద్దున్నే బండి తీసినప్పుడు వణికి, 15, 20 కి.మీ. పోయాక తగ్గితే అది చాలాసేపు ఒకే చోట నిలబడి చదునైన టైరు. వేడెక్కితే సర్దుకుంటుంది.

కానీ 20, 30 స్పీడులోనే స్టీరింగ్ అటూ ఇటూ ఊగుతోందా? టైరు మీద ఎక్కడైనా ఉబ్బు కనపడుతోందా? అప్పుడు టెస్టులు వద్దు, అక్కడే ఆపి స్టెప్నీ వేయండి. లోపలి స్టీల్ బెల్టు ఊడుతూ ఉండొచ్చు. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. ట్రెడ్ ఊడిపోయి జరిగిన ప్రమాదాల్లో అక్కడ 200 మందికి పైగా చనిపోయారు. ఎండలు ఎక్కువగా ఉండే రాష్ట్రాల నుంచే ఫిర్యాదులు ఎక్కువ వచ్చాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మన దగ్గర ఈ సంగతి ఇంకా గట్టిగా గుర్తుండాలి.

సరే, టైరుదే తప్పని తేలింది. ఇప్పుడేం చేయాలి? లేట్ చేయకండి. టైరు అరిగే కొద్దీ వారంటీలో వచ్చే డబ్బు తగ్గుతుంది. పైగా "గుంతలో పడిందేమో" అనే మాట వస్తుంది. బిల్లు మీద టైర్ల సీరియల్ నంబర్లు కొన్న రోజే రాయించుకోండి. టైరు పక్కన చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. అది కూడా ఫోటో తీయండి. షాపులో నోటి మాటతో ఊరుకోకండి, కంపెనీ వాళ్ల ఇన్‌స్పెక్షన్ కావాలని అడిగి, కంప్లైంట్ నంబర్ తీసుకోండి. రిజెక్ట్ చేస్తే కారణం రాసి ఇమ్మనండి.

అప్పటికీ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్లలోపు కేసు వేయాలి. 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు. మీ దగ్గర వీడియో, బిల్లు, చక్రాలు మార్చి చూసిన వివరాలు ఉంటే "జీరో వచ్చింది కదబ్బయా" అనే మాటకి సమాధానం ఉన్నట్టే.

మీ కారులో వణుకు ఏ స్పీడులో వస్తోంది, స్టీరింగ్‌లోనా సీటులోనా, కామెంట్‌లో రాయండి. ఈ వారంలో కొత్త టైర్లు కొనబోయే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్లకి ఇది షేర్ చేయండి, కొన్నాక కాదు, కొనకముందే. జాగ్రత్తగా నడపండి. ఉంటాను మరి.