మోటుపల్లి అభయశాసనము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



లెక్కలు వ్రాయుట నా వృత్తి. నేను పండితుడను కాను. ఈ గ్రంథాలయపు బీరువాలే నాకు బడి. అందు చదివిన యొక శాసనమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

బాపట్ల జిల్లాలోని మోటుపల్లి నేడు చిన్న పల్లె. కాకతీయుల నాడు మహారేవు. చీనా కర్పూరము, పట్టు, ముత్యములు, దంతము, మిరియములు అచ్చట బేరమాడబడుచుండెను. తుపానుకు ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో, అందలి సరకును పూర్వరాజులు బలిమిని హరించుచుండిరి. శాలివాహన శకము 1166, అనగా క్రీ.శ. 1244 ప్రాంతమున, గణపతిదేవ చక్రవర్తి ఆ దురాచారమును మాన్పి, నిర్ణీత సుంకము తప్ప వేరేమియు గైకొనమని శిలాస్తంభముపై చెక్కించెను. ఆ సుంకము ముప్పదింటికొకటి.

అనగా మూడువందల వరహాల సరకునకు పది వరహాలు. ఓడ యెక్కకమునుపే వర్తకుడు లెక్కగట్టుకొనవచ్చును. సుంకము స్వల్పమగుటకంటె అది ముందుగా తెలియుటయే గొప్ప అభయము. రాతిమీది లెక్కను ఏ అధికారియు పెంచలేడు గదా! 1358లో అనపోతారెడ్డి ఆ అభయమునే మరల చాటెను.

నా ఉద్యోగపు తొలినాళ్లలో, చదువురాని రైతొకడు చెల్లించిన పన్నునే మరల చెల్లించుట చూచియు నేను నోరు మెదపనైతిని. ఈ శాసనము చదివిన రాత్రి అతడే నా కన్నులయెదుట నిలిచెను.

శాసనము చెక్కించుట రాజు పని. చదువుకొనుట ప్రజల పని. ఇరువదియైదేండ్లుగా ఆ పనిని నేర్పుచున్న ఈ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!