సంచి విప్పి సర్దుకోండి
(రేడియో ప్రసంగ పాఠం)

ఈ ఉదయం ముఖ్యంగా ఇల్లు విడిచి చదువు కోసం హనుమకొండకు కొత్తగా వచ్చిన యవ్వనస్థులతో మాట్లాడాలని ఆశపడుతున్నాను. మిగిలినవారు దయచేసి రేడియో కట్టేయవద్దు. మీతో కూడా పని ఉంది, కాసేపట్లో చెబుతాను.

ఏటా కాలేజీలు తెరిచే రోజుల్లో చౌరస్తా దగ్గర ఒక దృశ్యం చూస్తుంటాను. ఒక తండ్రి, పక్కన కొడుకో కూతురో. చేతిలో కొత్త ప్లాస్టిక్ బకెట్టు. అందులో మగ్గు, తాళంకప్ప, బట్టల సబ్బు, దోమల చక్రాలు. చంకలో చుట్టిన పరుపు. ఆ తండ్రి ఎక్కువగా మాట్లాడడు. తాళం పనిచేస్తుందో లేదో అని రెండుసార్లు వేసి తీసి చూస్తాడు. జేబులోంచి ఇంకో ఐదు వందలు తీసి పిల్లవాడి చేతిలో పెడతాడు. సాయంత్రం కాజీపేటలో రైలెక్కి వెళ్ళిపోతాడు. ఆ రాత్రి బకెట్టు మంచం కింద ఉంటుంది, పిల్లవాడు మంచం మీద ఉంటాడు, నిద్ర మాత్రం రాదు. ప్రియులారా, ఆ మంచం మీద ఉన్నవారితోనే నా మాట.

కొత్తవారిని చేర్చుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. కాకతీయులు ఓరుగల్లు కోటకు మారకముందు వారి రాజధాని ఇదే. వేయిస్తంభాల గుడి 1163వ సంవత్సరం నాటిది. 1879లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు ఇక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకొని పరిచర్య మొదలుపెట్టారు. ఇక చదువుల సంగతి చూస్తే, 1959 అక్టోబరు 10న నెహ్రూగారు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేశారు. 2002 నుంచి అదే ఎన్.ఐ.టి. కాకతీయ మెడికల్ కాలేజీ కూడా 1959లోనే మొదలైంది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇన్నేళ్ళుగా ఎన్ని వేల బకెట్లు ఈ చౌరస్తా దాటి వెళ్ళాయో ఊహించండి. మీరు మొదటివారు కాదు.

కొత్తవారిని మొదట తికమకపెట్టేది ఊరి పేరే. సీటు కాగితం మీద వరంగల్ అని ఉంటుంది, రైలు దిగేది కాజీపేటలో, ఉండేది హనుమకొండలో. 2021లో జిల్లాకు కూడా హనుమకొండ అనే పేరు పెట్టారు. అయినా మాలో చాలామంది ఇప్పటికీ అన్నింటినీ కలిపి వరంగలే అంటాం. మూడు ఊళ్ళు కలిసిన ఊరు ఇది. నాలుగు ఆదివారాలు షేర్ ఆటోలో తిరిగితే అర్థమైపోతుంది.

నేను 1990ల చివర్లో డిగ్రీ చదవడానికి ఇక్కడికి వచ్చాను. మాది మహబూబాబాద్ వైపు పల్లెటూరు. అప్పుడు సెల్‌ఫోన్లు మా చేతుల్లోకి రాలేదు. రాత్రి పదకొండు దాటితే ఎస్.టి.డి. చార్జీ పావు వంతే కాబట్టి ఆ సమయానికి బూత్ ముందు వరుసలో నిలబడేవాళ్ళం. మా ఇంట్లో ఫోను లేదు. ఊళ్ళో కిరాణా కొట్టు ఆయన నిద్ర లేచి వెళ్ళి మా అమ్మను పిలుచుకు రావాలి. పాపం, ఆమె చీకట్లో ఉరుకుతూ వచ్చి, ఆయాసపడుతూ, "బాగున్నవా బిడ్డా?" అని అడిగేది. బాగున్నానమ్మా అనేవాణ్ణి. మీటరు తిరుగుతుంటే ఇంకేం చెబుతాం? నిజానికి వారం రోజులుగా సరిగా తినలేదు, పాఠాలు ఇంగ్లీషులో చెబుతుంటే సగం అర్థమయ్యేవి కావు. ఇప్పుడు మీకు వీడియో కాల్ ఉంది, మీటరు లేదు. అయినా కెమెరాను గోడవైపు తిప్పి, లైటు సరిచేసుకొని, బాగున్నానమ్మా అనే అంటున్నారని నాకు తెలుసు.

ఇప్పుడు బైబిల్ గ్రంథములోనుండి ఒక ఉత్తరం సంగతి చెబుతాను. యిర్మీయా గ్రంథము 29వ అధ్యాయము. యెరూషలేము నుండి బబులోనుకు చెరపట్టబడి వెళ్ళినవారికి ప్రవక్త రాసి పంపిన ఉత్తరం అది. వారు సంకెళ్ళతో వెళ్ళారు, మీరు సీటు సంపాదించుకొని వచ్చారు. రెండూ ఒకటని నేను అనను. కానీ వారి మనసులోని ఒక సంగతి మాత్రం మీ మనసుకు దగ్గరగా ఉంది. ముందు అధ్యాయము చూడండి. రెండు సంవత్సరాల్లో అందరూ తిరిగి వచ్చేస్తారని ఒక ప్రవక్త అందరి ముందు చెప్పాడు. ఆ మాట వినడానికి ఎంత తియ్యగా ఉంటుంది! రెండేళ్ళే కదా, మూట విప్పడమెందుకు అనుకుంటారు. యిర్మీయా మాత్రం డెబ్బది సంవత్సరాలని చెప్పాడు. అందుకని ఇండ్లు కట్టుకొమ్మన్నాడు, తోటలు వేసుకొని వాటి పండ్లు తినమన్నాడు, తమను చెరపట్టిన ఆ పట్టణము బాగుండాలని ప్రార్థన చేయమన్నాడు. అదే ఉత్తరంలోని 11వ వచనాన్ని మనం క్యాలెండర్ల మీద అచ్చు వేయించుకుంటాం. తోట వేయమన్న 5వ వచనాన్ని గోడకు తగిలించుకున్న ఇల్లు నేనింతవరకు చూడలేదు.

మొదటి సంవత్సరం నేను ఆ రెండేళ్ళ ప్రవక్త మాటే నమ్మినట్టు బతికాను. నా ట్రంకు పెట్టెలోంచి బట్టలు తీసి దండెం మీద వేయలేదు. శనివారం మధ్యాహ్నం క్లాసు అయిపోగానే స్టేషనుకు పరుగెత్తేవాణ్ణి, సోమవారం తెల్లవారి వచ్చేవాణ్ణి. ఊరికి పోవడం తప్పని చెప్పను. కానీ వారంలో ఐదు రోజులు శనివారం కోసం ఎదురుచూస్తే, ఆ ఐదు రోజులు ఎవరివి? గదిలో నా పక్క మంచం అతని తండ్రి చనిపోయి ఏడాది కాలేదన్న సంగతి నాకు మార్చి నెలలో తెలిసింది. జూలై నుంచి ఒకే గదిలో ఉన్నాం.

తమ్ముడూ, చెల్లెమ్మా, సంచి విప్పి సర్దుకో. ఇది చాలా మామూలు మాట. నీ బట్టలు అరలో పెట్టుకో. అమ్మ ఇచ్చిన తొక్కు డబ్బా దాచుకొని ఒక్కడివే తినకుండా మెస్సులో బల్ల మీద పెట్టు. ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చినవాడివైతే అంగట్లో గోంగూర అని అడిగి చూడు. ఆ అమ్మ పుంటికూర అని దిద్దుతుంది. నవ్వితే నువ్వూ నవ్వు. ఆ ఒక్క మాట నేర్చుకుంటే వచ్చే వారం ఆమె నిన్ను గుర్తుపడుతుంది. మనల్ని గుర్తుపట్టే మనిషి ఒక్కరుంటే ఊరు మారిపోతుంది. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయమని ఒక గ్రంథాలయం ఉంది. 1904లో, నిజాం కాలంలో, సర్కారు కాగితాలు ఉర్దూలో నడుస్తున్న రోజుల్లో తెలుగు పుస్తకాల కోసం స్థాపించారు. ఒకసారి వెళ్ళి చూడు. తమ ఊరు బాగుండాలని కోరుకున్నవారు చేసే పని ఎలా ఉంటుందో తెలుస్తుంది.

మెస్సు తిండి గురించి నాకు చాలా ఫిర్యాదులు వస్తాయి. దానియేలు గ్రంథము 1వ అధ్యాయము చదవండి. అదీ ఒక హాస్టలు కథే. మూడేళ్ళ చదువు, కొత్త భాష, కొత్త పేర్లు, రాజుగారి మెస్సు. దానియేలు అక్కడి చదువు వద్దనలేదు, కల్దీయుల విద్యను శ్రద్ధగా నేర్చుకున్నాడు. భోజనం విషయంలో మాత్రం మనస్సాక్షి ఒప్పుకోలేదు. అప్పుడు ఏం చేశాడు? కంచం విసరలేదు, లోలోపల కుమిలిపోలేదు. మర్యాదగా అధికారిని అడిగాడు. ఆయన రాజుకు భయపడితే, తమను చూసుకొనే మనిషి దగ్గరికి వెళ్ళి, పది దినాలు శాకాహారమూ నీళ్ళూ ఇచ్చి పరీక్షించి చూడమన్నాడు. ఇంకొక సంగతి గమనించండి, అతడు ఒంటరిగా లేడు. నలుగురున్నారు. మీ నలుగురు ఎవరో మొదటి నెలలోనే వెతుక్కోండి.

అయితే సర్దుకోవడం వేరు, సహించకూడనిది సహించడం వేరు. ర్యాగింగ్ పేరుతో ఎవరైనా మిమ్మల్ని అవమానిస్తే, కొడితే, అది కాలేజీ జీవితంలో భాగమని ఎవరు చెప్పినా నమ్మవద్దు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దానికి వ్యతిరేకంగా చట్టం వచ్చింది. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1800 180 5522. అలాగే నిద్ర లేక, తిండి సయించక, బతకాలనే అనిపించకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్, 2022లో ప్రభుత్వం ప్రారంభించిన ఉచిత సేవ. ప్రార్థన చేసేవాడు ఇటువంటి నంబరుకు ఫోన్ చేయకూడదని కొందరు అంటారు. కాలు విరిగితే ఎం.జి.ఎం.కు పోతాం కదా?

ఇప్పుడు సంఘములోని పెద్దలతో, తల్లులతో మాట్లాడాలి. ఇది నా తప్పు చెప్పుకోవడమే.

కొన్ని సంవత్సరాల క్రితం మా ఆరాధనకు ఒక అబ్బాయి రావడం మొదలుపెట్టాడు. వెనక బల్ల మీద చివర కూర్చొనేవాడు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నేను చెయ్యి కలిపి, "ఏ ఊరు బాబూ?" అని అడిగాను. చెప్పాడు. రెండో ఆదివారం మళ్ళీ "ఏ ఊరు బాబూ?" అని అడిగాను. మూడో ఆదివారం కూడా అదే ప్రశ్న. అతను మూడుసార్లూ వినయంగా జవాబిచ్చాడు. ఆ ఆదివారాల్లో ఒకనాడు నా ప్రసంగ అంశం ఏమిటో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆతిథ్యం! అయిదో వారం నుంచి అతను రాలేదు. నేను గమనించలేదు. చాలా రోజుల తర్వాత అతని గదిలో ఉండే కుర్రవాడు కనిపించి, దసరా సెలవులకు ఊరు వెళ్ళినవాడు తిరిగి రాలేదని, చదువు మానేశాడని చెప్పాడు. అతని పేరు నేను మొదటిసారి విన్నది అప్పుడే.

ఆ చదువు మా వల్లనే ఆగిందని నేను చెప్పలేను. ఎన్ని కారణాలున్నాయో దేవునికి తెలుసు. కానీ మా ఇంట్లో ఆ నాలుగు ఆదివారాలూ కూర వండారు, అందులో ఒక్క పూటైనా అతనికి పెట్టలేదు. అది నాకు తెలుసు.

ఆ తర్వాత మా సంఘములో ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. ఆదివారం ఒక కుటుంబం ఒక విద్యార్థిని భోజనానికి తీసుకుపోతుంది. ప్రత్యేకంగా వండకూడదు, ఉన్నదే పెట్టాలి. కులం అడగకూడదు, ర్యాంకు అడగకూడదు, తండ్రి జీతం అడగకూడదు. తిన్నాక కంచం కడుగుతానంటే కడగనివ్వాలి. ఈ చివరి నియమం మా ఇంటావిడ పెట్టింది. కంచం కడగనిచ్చిన ఇంటికే పిల్లలు మళ్ళీ వస్తారని ఆమె అంటుంది. నిజమే. మా సంఘములో భర్త లేని ఒక పెద్దమ్మ ఉంది. ఆమె ఇంటికి బీహారు నుంచి వచ్చిన ఒక అబ్బాయిని పంపాం. ఆమెకు వచ్చిన హిందీ ఆటో బేరానికి సరిపోయేంత, అతనికి తెలుగు అసలే రాదు. ఏం మాట్లాడుకుంటారో అని నేనే సందేహపడ్డాను. ఇప్పుడు ప్రతి ఆదివారం అతను ఆమె బీపీ మాత్రల పేర్లు చదివి, ఉదయంవి ఒక డబ్బాలో, రాత్రివి ఒక డబ్బాలో వేసి వెళ్తున్నాడు. ఆమె సంతలో పుంటికూర కొనేటప్పుడు సంచి అతనే పట్టుకుంటాడు.

తలిదండ్రులారా, ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు మార్కుల సంగతి పక్కన పెట్టండి. పక్క మంచం పిల్లవాడి పేరేమిటో అడగండి. కిటికీలోంచి ఏం కనిపిస్తుందో అడగండి. జవాబు రాకపోతే బస్సెక్కి రండి.

ప్రార్థన చేసుకుందాం. మా పరలోకపు తండ్రీ, నయీంనగర్‌లో, సుబేదారిలో, కాజీపేటలో, ఇంకా ఏ గదిలోనైనా ఈ వేళ పైకప్పు చూస్తూ పడుకొని ఉన్న బిడ్డలను జ్ఞాపకము చేసుకొనండి. నిన్న బకెట్టు కొనిచ్చి రైలెక్కిన ఆ తండ్రికి తోడుగా ఉండండి. మా బల్ల దగ్గరకు వచ్చి వెళ్ళిపోయిన ఆ అబ్బాయి ఈ రోజు ఎక్కడున్నా అతనికి మేలు చేయండి. ఈ ఆదివారం మా గుమ్మం దగ్గర నిలబడేవారి పేరు అడిగి జ్ఞాపకముంచుకొనే మనసు మాకు దయచేయుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.