కుళ్ళు అన్న మాట

ఈ పొద్దు పాట గురించో నాటకం గురించో చెబుతాననుకున్నవాళ్ళు మన్నించాలి. మాటను చవిచూడ్డమూ ఒక కళే. అందుకని నేను తెచ్చిన మాట ‘కుళ్ళు’. ముక్కు మూసుకోవద్దు, చెవులిస్తే చాలు.

మైదుకూరు దగ్గర మా అవ్వ ఎర్రగడ్డలు ఏరుతుంటే పక్కన కూచునేవాణ్ణి. ఒకనాడు “అవ్వా, సంగటి కుళ్ళిపోయింది” అన్నాను. చేట కింద పెట్టి మరీ నవ్వింది. “సంగటి పాసిపోతాది రా. కుళ్ళేది గడ్డ!”

ఆ తర్వాత నాకదే ఆట. వంకాయ పుచ్చుతుంది, పాత గుడ్డ చివుకుతుంది, పిండి ముక్కిపోతుంది, నిలవనీళ్ళు మురుగుతాయి. ఇన్ని మాటలు చేతిలో పెట్టుకుని, మనమేమో అన్నిటికీ ‘పాడైపోయింది’ అనేసి లేచిపోతాం. ఇదేం వరస నాయనా!

పాత పుస్తకాల్లో ఇది ‘క్రుళ్ళు’. ‘క్రొత్త’ కొత్తయినట్టు, ‘మ్రాను’ మానైనట్టు దీన్లోనూ ‘ర’ జారిపోయింది. ఆదోని దాటి కన్నడసీమలో అడుగుపెడితే ‘కొళె’ అంటారు. తమిళంలో ‘కుళై’ అంటే మెత్తబడ్డం, గుజ్జు కావడం. భాషావేత్తలు వీటిని ఒకే ఇంటి బిడ్డలంటారు. అంటే మొదట ఉన్నది కంపు కాదు, మెత్తదనమేనేమో. మన ఊళ్ళలో తగువైతే ‘కుళ్ళబొడిచినారు’ అంటామే, అక్కడ వాసనేముంది? ఒళ్ళు మెత్తబడిందంతే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు పాత అర్థం ఇంకా బతికే ఉందనిపిస్తుంది.



అసలు నాకిష్టమైన చోటుకొస్తాను. కర్నూలు మార్కెట్ యార్డులో వానకు తడిసిన గడ్డల బస్తా విప్పి చూడండి. పైపొర ఎర్రగా నిగనిగలాడుతుంటుంది. మా అవ్వ చేసినట్టు మెడ దగ్గర బొటనవేలితో ఒత్తితే లోపలికి దిగబడుతుంది. ఓర్వలేనితనానికి మనవాళ్ళు ఇదే మాట ఎందుకు తగిలించారో నాకు అవ్వ బొటనవేలు చెప్పింది. కుళ్ళుబోతు మొహమ్మీద ఏమీ కనబడదు.

మా ఇంటికొక బంధువు వచ్చి, కొత్త ఎద్దుల్ని తెగ మెచ్చుకుని పోయినాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి అవ్వ గడ్డలు ఏరుతూనే అంది: “మెడకాయ కాడ ఒత్తి చూడాల్సింది.”