సీజన్ అయిపోయాక తనిఖీకి వస్తే? మామిడి యూనిట్లు, సబ్సిడీ ఫైలు

పోయిన ఎపిసోడ్‌లో లోన్ దరఖాస్తు గురించి చెప్పుకున్నాం కదా. ఆ తర్వాత మన నూజివీడు వైపు నుంచి చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "లోన్ వచ్చింది, మిషన్లు దిగాయి. ఇప్పుడు తనిఖీకి వస్తారంటున్నారు. ఏం చూస్తారు?" ఈ రోజు అదే మాట్లాడుకుందాం.

మా పిన్నిది ఆగిరిపల్లి దగ్గర చిన్న యూనిట్. మామిడి గుజ్జు, తాండ్ర, ఆవకాయ. పోయిన అక్టోబర్‌లో ఒక రోజు పొద్దున్నే ఫోన్ చేసింది. "ఒరేయ్, రేపు బ్యాంకు నుంచి సార్ వస్తాడంట. షెడ్డుకి తాళం వేసి ఉంది. ఊళ్లో ఒక్క కాయ లేదు. యూనిట్ నడుస్తోందని ఎలా చూపించాలిరా?"

మన అసలు సమస్య ఇదేనండి. మనకి కాయ ఏప్రిల్‌లో మొదలై జూన్‌తో అయిపోతుంది. తనిఖీ మాత్రం ఏ నెలలోనైనా రావొచ్చు. మూసిన షెడ్డు చూసి యూనిట్ బతికుందో లేదో వాళ్లు తేల్చాలి. అప్పుడు మన తరఫున మాట్లాడేది కాగితాలే.

ముందు డబ్బు సంగతి. పిన్ని తీసుకున్నది పీఎంఎఫ్ఎంఈ లోన్. చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కోసం కేంద్రం 2020 జూన్‌లో మొదలుపెట్టిన పథకం. మన రాష్ట్రంలో ఏపీ ఫుడ్ ప్రాసెసింగ్ సొసైటీ దీనికి నోడల్ ఏజెన్సీ. అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. మన చేతి నుంచి కనీసం 10 శాతం పెట్టాలి. ఉదాహరణకి 12 లక్షల ప్రాజెక్టు అనుకోండి. మనం 1.20 లక్షలు పెడతాం, బ్యాంకు 10.80 లక్షలు ఇస్తుంది, సబ్సిడీ 4.20 లక్షలు.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ 4.20 లక్షలు మన చేతికి రావు. బ్యాంకులోనే మిర్రర్ అకౌంట్ అని విడిగా ఉంటాయి. లోన్ చివరి విడత ఇచ్చాక మూడేళ్లు చూస్తారు. వాయిదాలు సరిగ్గా కడుతూ, యూనిట్ సరిగ్గా నడుస్తుంటేనే ఆ డబ్బు లోన్‌లో జమ అవుతుంది. మిషన్లు బిగించిన రోజుతో పని అయిపోదు. మూడు సీజన్లు మనం పరీక్షలో ఉన్నట్టే.

ఇక వాళ్లు చూసేవి ఒక్కొక్కటిగా చెప్తాను.

మొదటిది, పేరు, అడ్రస్. మన ప్రాంతంలో దీనికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకి వెళ్లాయి. పిన్ని ఉద్యం రిజిస్ట్రేషన్ 2021లో చేయించింది, అందులో కృష్ణా జిల్లా. లోన్ మంజూరు కాగితంలో ఏలూరు జిల్లా. కరెంటు బిల్లు చనిపోయిన మామయ్య పేరు మీద. ఒక్కోటి చిన్న విషయమే. కానీ మూడూ ఒకే ఫైల్లో పక్కపక్కన పెడితే, మూడు వేరే వేరే యూనిట్లా అనే అనుమానం వస్తుంది. ఉద్యం, ఫుడ్ లైసెన్స్, జీఎస్టీ, కరెంటు మీటరు, బ్యాంకు కాగితం అన్నీ ఈ రోజే ముందేసుకుని కూర్చోండి. తేడా ఉన్నవి ఇప్పుడే మార్పించండి.

రెండోది, మిషన్లు. డీపీఆర్‌లో రాసింది, కొటేషన్‌లో ఉన్నది, బిల్లులో ఉన్నది, షెడ్డులో నిలబడి ఉన్నది, ఈ నాలుగూ ఒకటే అవ్వాలి. మా పల్పర్‌కి కొటేషన్‌లో 2 హెచ్‌పీ మోటారు. స్టాకు లేదని డీలరు 3 హెచ్‌పీ బిగించి పోయాడు. మనకి లాభమే కదా అనుకుంది పిన్ని. వచ్చినాయన నేమ్ ప్లేట్ దగ్గర వంగి చూసి, "ఇది ఆ మిషనేనా అమ్మా?" అని అడిగాడు. మార్పు జరిగిన రోజే డీలరు దగ్గర లెటరు, సవరించిన బిల్లు తీసుకుని బ్యాంకులో ఇచ్చి ఉంటే ఆ ప్రశ్నే రాదు. ప్రతి మిషన్‌కీ సీరియల్ నంబరు కనపడేలా ఫొటో తీసి బిల్లు వెనకాల పెట్టుకోండి.

మూడోది, లెక్క. టెక్నికల్ అసెస్‌మెంట్ అంటే భయపడతారు గానీ, చాలా వరకు ఇది కూడికలు, భాగహారాలే. 100 కిలోల గుజ్జు తీసుకోండి. రిఫ్రాక్టోమీటర్‌లో 15 బ్రిక్స్ చూపించింది. అంటే సుమారు 15 కిలోలు ఘనపదార్థం, మిగతాది నీళ్లు. 10 కిలోల పంచదార కలిపారు, మొత్తం 25 కిలోలు. ఆరిన తాండ్రలో 80 శాతం ఘనపదార్థం ఉంటే, 25ని 0.8తో భాగించండి. 31 కిలోల తాండ్ర రావాలి. రిజిస్టర్‌లో 29 ఉంటే కత్తిరింపుల్లో పోయిందని అర్థమవుతుంది. 50 అని ఉంటే ఆ రిజిస్టర్ని ఇంక ఎవరూ నమ్మరు.

కరెంటు కూడా సాక్ష్యమే. 3 హెచ్‌పీ మోటారు పూర్తి లోడు మీద గంటకి కనీసం 2.2 యూనిట్లు తాగుతుంది. రోజుకి 8 గంటలు, 40 రోజులు నడిపామంటే కనీసం 700 యూనిట్లు. మే, జూన్ బిల్లుల్లో ఆ పెరుగుదల కనపడాలి. అక్టోబర్ బిల్లు తక్కువ వచ్చిందని కంగారు పడొద్దు. పన్నెండు నెలల బిల్లులూ వరసగా పెట్టండి, మన సీజన్ అందులోనే కనపడుతుంది.

కాయ కొనుగోలు సంగతి. రైతు మనకి జీఎస్టీ బిల్లు ఇవ్వడు కదా. నున్న మార్కెట్లో కొన్నా, తోట దగ్గర కలెక్టరు కాయ దింపించుకున్నా, మనమే వోచర్ రాయాలి. రైతు పేరు, ఊరు, రకం, బరువు, రేటు, సంతకం. దానికి కాటా చీటీ పిన్ను కొట్టి, డబ్బు వీలైనంత వరకు అకౌంట్‌కే వేయండి.

నాలుగోది, శుభ్రత. ఫుడ్ లైసెన్స్ నిబంధనల్లో షెడ్యూల్ 4 అని ఉంటుంది. నీళ్ల పరీక్ష రిపోర్టు, పనివాళ్ల మెడికల్ సర్టిఫికెట్లు, ఈగలు రాకుండా జాలీలు, పురుగుల నివారణ రికార్డు. ఇంకోటి, కాయ ఎలా మగ్గబెట్టారని తప్పకుండా అడుగుతారు. కార్బైడ్ నిషేధం. ఇథిలీన్ గ్యాస్ 100 పీపీఎం దాకా వాడొచ్చు. మగ్గబెట్టి తెచ్చిన కాయ కొంటే, ఎలా మగ్గబెట్టారో ఆ వోచర్ మీదే రాయించుకోండి.

ఇప్పుడు మళ్లీ ఆ రోజుకి వద్దాం. నేను సాయంత్రానికి ఊరు చేరాను. పిన్ని బ్యాచ్ రిజిస్టర్ తీసింది. ఏప్రిల్ బాగుంది, మే బాగుంది. జూన్‌లో చివరి తొమ్మిది రోజులు ఖాళీ. గాలివానకి రాలిన కాయ ఒక్కసారిగా వచ్చి పడింది, రాసే తీరిక లేకపోయింది. నిజమే. పిన్ని పెన్ను నా చేతిలో పెట్టి, "నీ రాత బాగుంటుంది. రాత్రికి కూర్చుని నింపేయరా" అంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సర్వర్ లాగ్ అని ఉండేది. ఏ నిమిషానికి ఏం జరిగిందో అదే రాసుకుంటుంది. తర్వాత ఎవరైనా అందులో ఒక్క లైను చేత్తో మార్చారని తెలిస్తే, మిగతా లైన్లని కూడా ఎవరూ నమ్మరు. రిజిస్టర్ కూడా అంతే. ఆ తొమ్మిది రోజులు మేము కల్పిస్తే, పిన్ని నిజాయితీగా రాసిన రెండు నెలలు కూడా అబద్ధాల లెక్కలో పడతాయి. దొరికితే పోయేది సబ్సిడీ ఒక్కటే కాదు, బ్యాంకులో మాట కూడా పోతుంది. "వద్దు పిన్నీ" అన్నాను. ఆమెకి కోపం వచ్చింది. "మీకేం, ఉద్యోగాలు చేసుకున్నవాళ్లు. నాలుగు లక్షలురా" అంది. ఆ మాట తప్పు కాదు.

అప్పుడు బీరువా తెరిచాం. ప్రతి బ్యాచ్ నుంచి ఒక ప్యాకెట్ సీలు వేసి దాచడం పిన్నికి అలవాటు. ఆ తొమ్మిది రోజుల ప్యాకెట్లు కూడా ఉన్నాయి, మీద తేదీ, బ్యాచ్ నంబరు. కాటా చీటీలు డబ్బాలో ఉన్నాయి. ఫోన్లో పేమెంట్లు ఉన్నాయి. అన్నీ కలిపి విడిగా ఒక కాగితం మీద పట్టిక రాశాం. పైన "రిజిస్టర్లో నమోదు కాలేదు, చీటీల ఆధారంగా ఇప్పుడు తయారుచేసినది" అని రాసి, ఆ రోజు తేదీయే వేసి, పిన్ని సంతకం పెట్టింది. రిజిస్టర్లో ఖాళీ ఖాళీగానే ఉంచాం.

పొద్దున సార్ వచ్చాడు. ఖాళీ పేజీ ఆయన చూడకముందే పిన్ని చూపించింది. ఆయన ప్యాకెట్లు, చీటీలు సరిచూసుకున్నాడు. రిపోర్టులో రెండు లోపాలు రాశాడు, రికార్డు నిర్వహణ, మోటారు బిల్లు. సరిచేసుకోవడానికి నెల టైం ఇచ్చాడు. యూనిట్ నడుస్తోందని కూడా రాశాడు. సబ్సిడీ ఇంకా మిర్రర్ అకౌంట్లోనే ఉంది, మూడేళ్లు పూర్తవ్వాలి. అందుకని గెలిచేశాం అని చెప్పను.

ఈ సీజన్‌కి పిన్ని ఒక మార్పు చేసింది. పల్పర్ పక్కన గోడకి పలక తగిలించింది. ఎంత తీరిక లేకపోయినా బ్యాచ్ నంబరు, కాయ బరువు, గుజ్జు బరువు, బ్రిక్స్, ఈ నాలుగూ పలక మీద రాస్తారు. సాయంత్రం దాన్ని ఫోన్లో ఫొటో తీస్తారు. రిజిస్టర్‌లో మర్నాడు ఎక్కించినా, ఫొటోకి తేదీ ఉంటుంది.

మీరు లోన్ తీసుకుని ఉంటే, తనిఖీ కబురు వచ్చేదాకా ఆగకండి. ఈ ఆదివారం ఒక గంట కూర్చుని మీ షెడ్డుకి మీరే తనిఖీకి వెళ్లండి. కొత్తగా దరఖాస్తు పెట్టేవాళ్లు మాత్రం నిబంధనలు ఇప్పుడెలా ఉన్నాయో బ్యాంకులో ముందు కనుక్కోండి.

వచ్చే ఎపిసోడ్‌లో లేబుల్ మీద ఏం రాయాలో చూద్దాం. ఉంటానండీ, నమస్తే.