గోడమీద నీటి లెక్క

(రాజుపాలెమున పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మన పంచాయతీ రిజిష్టరులలో ఎన్నో అంకెలున్నవి. అవి బీరువాలో నున్నంతకాలము ఊరికి వాని ప్రయోజనము లేదు. అంకెలను బొమ్మగా గీసి ప్రజల కన్నుల యెదుట నుంచుట యెట్లు అనునదే నేటి నా ప్రసంగ విషయము.

పల్నాట సాగరు కుడికాలువ పారు పొలములును, బోరులపై ఆధారపడు పొలములును గలవు. కాలువలో నీరు తగ్గినచో అందరకును కనబడును. భూగర్భజలము తగ్గుట కనబడదు. బోరు ఎండిన దినమున గాని రైతు దాని నెరుగడు. అప్పటికే విత్తనములకును, ఎరువులకును తెచ్చిన అప్పు నెత్తిమీద నుండును.

ఈ శతాబ్ది తొలి దశాబ్దములో, పొరుగుననున్న ప్రకాశముతో సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 కరవు జిల్లాలలో ఒక పథకము నడచినది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడెను. స్త్రీలు, పురుషులు స్వయముగా వానను, బోరులలో నీటిమట్టమును కొలిచి, ఆ కొలతలను ఊరి బోర్డులపై ప్రకటించిరి. రబీకి ముందు అందరును కూడి నీటి ఆదాయవ్యయములు లెక్కవేసిరి. ఏ పైరు వేయవలెనో యెవరును శాసింపలేదు. ఐనను పలువురు వరిని తగ్గించి, తక్కువ నీటితో పండు పైరులకు మరలిరి. 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక ఈ కృషిని మెచ్చుకొనినది.

బొమ్మ గీయుటకును శాస్త్రము కలదు. 1984లో అమెరికాలో క్లీవ్లండ్, మెక్‌గిల్ అను గణాంక శాస్త్రజ్ఞులు పరిశోధనలు జరిపి, ఒకే కొలబద్దపై ప్రక్కప్రక్కన గీసిన గుర్తులను జనులు సరిగా పోల్చగలరనియు, వృత్తములోని ముక్కలను పోల్చుటలో ఎక్కువగా పొరబడుదురనియు తేల్చిరి. కావున గుండ్రని బొమ్మకంటె నిలువు గీతలే మనకు మేలు.

ఒక హెచ్చరిక. నీరు 30 అడుగుల లోతున నుండి 33 అడుగులకు దిగినదనుకొనుడు. గీతలలో మొదటి 29 అడుగులను కోసివేసి గీసినచో 3 అడుగుల భేదము నాలుగింతలుగా కనబడును. అంకె నిజమే, బొమ్మ అబద్ధము. కావున గీత సున్న నుండియే మొదలు కావలెను. దానిని నేలమట్టము నుండి క్రిందికే గీయుడు. పైకి గీసినచో నీరు పెరిగినదని చూచువారు భ్రమపడుదురు.

పంచాయతీ గోడపై పండ్రెండు నెలల గడులు గీయించుడు. ఒకే బావిని ప్రతి పక్షమునను ఒకే దినమున, మోటారు నడవక ముందు కొలువుడు. ఈ యేటి గీత ప్రక్కన నిరుటి గీతను వేరు రంగున నుంచుడు. కొలిచినవారి పేరు క్రింద వ్రాయుడు. అనుమానమున్నవారు తామే తాడు వేసి చూచుకొందురు గాక.

రానున్న గ్రామసభను ఆ గోడ యెదుటనే జరుపుడని మిమ్ము కోరుచున్నాను.